మైనస్ పది డిగ్రీల జాకెట్

ఢిల్లీ చలిని నేనేనాడూ గౌరవించలేదు. చలికి ఒక పద్ధతుండాలి. కొండల్లో చలి ఉంది, మంచు కురుస్తుంది, చెట్లు తెల్లబడతాయి, మనిషి బయటికొచ్చి ఫొటో దిగుతాడు. పళ్లు టకటక కొట్టుకున్నా చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఢిల్లీ చలికి ఆ పాటి మర్యాద కూడా లేదు. బూడిదరంగు పొగలోంచి దొంగలా వచ్చి, తలుపు సందులోంచి దూరి, నేల మీది పలకల వెంట పాకి, చెప్పులేసుకోవడం మరిచిపోయిన అరికాలును పట్టుకుంటుంది. మధ్యాహ్నం కాస్త ఎండొస్తే జనమంతా పార్కుల్లో బోర్లా పడుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, పొద్దున వణికింది తాము కాదన్నట్టు ఉంటారు. ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఇల్లు కట్టినవాడు ఎండాకాలాన్ని మాత్రమే చూసి చచ్చిపోయుండాలి. వీధిలో కన్నా వంటింట్లో ఎక్కువ చలేసే నగరం ప్రపంచంలో ఇదొక్కటేనని నా అభిప్రాయం.

నాది గోదావరి జిల్లా. మా వైపు చలికాలమంటే తెల్లవారుజామున ఫ్యాను ఐదు మీంచి రెండు మీదికి తిప్పడం. అటువంటివాణ్ణి పట్టుకొచ్చి గ్రేటర్ నోయిడాలో, చుట్టూ అడ్డేదీ లేని మైదానంలో, ఆకాశంలోకి లేస్తున్న అపార్టుమెంట్ల మీద నిలబెట్టారు. భవనం కట్టేది కాంట్రాక్టరు. వాళ్లు కట్టింది సరిగ్గా ఉందో లేదో చూసి, ఉంటే సంతకం పెట్టి, లేకపోతే మళ్లీ చేయించడం నా పని. దీన్ని మర్యాదగా క్వాలిటీ ఇంజనీరనీ, నేను వినడం లేదనుకున్నప్పుడు వేరే మాటలతోనూ పిలుస్తారు.

కిందటి చలికాలం నేను హైదరాబాదులో కొన్న స్వెటరూ, దాని మీద వానకోటులాంటి పల్చటి చొక్కాతో ఈ పని చేశాను. ఫలితంగా నాకొక దగ్గు పట్టుకుంది. అది మామూలు దగ్గు కాదు. నేను ఒక టవరులో దగ్గితే పక్క టవరులో ప్లాస్టరు రాలిందని మేస్త్రీలు చెప్పుకున్నారు. హోలీ రంగులు కడుక్కున్నా ఆ దగ్గు వదల్లేదు. గురుగ్రామ్‌లోని హెడ్డాఫీసులో కూర్చునే మా మేనేజరు ఈ విషయం గుర్తుపెట్టుకుని, ఈ ఏడు నవంబరులోనే ఫోను చేశాడు.

“చూడండి, మీ వయసుకు ఈ చలిలో సైటెందుకు? ఈసారి ఒక్కసారి జలుబు చేసినా మిమ్మల్ని ఆఫీసుకు తెచ్చేస్తాను. హాయిగా హీటరు పక్కన కూర్చుని ప్రెజెంటేషన్లు చేసుకోవచ్చు,” అన్నాడు.

ఆయన ఉద్దేశంలో అది దయ. నాకది ఉరిశిక్ష. ఆ ఆఫీసు నాకు తెలుసు. అక్కడ నాలాంటి ముసలి ఇంజనీర్లు కొందరు ఒక గాజుగదిలో కూర్చుని, జీవితంలో ఒక్క ఇటుక మీద ఇటుక పెట్టనివాళ్లకు చూపించడానికి రంగురంగుల బాణాలు గీస్తుంటారు. పచ్చబాణం అంటే పని అయింది, ఎర్రబాణం అంటే కాలేదు. కళ్లముందు లేచే స్లాబును వదిలి బాణాలు గీయడానికి పోవడం కన్నా ఆ స్లాబులోనే నన్ను పూడ్చిపెట్టడం మేలనిపించింది.

కాబట్టి నాకొక జాకెట్ కావాలి. జలుబు చేయనివ్వని జాకెట్. నేను సైటులో మిగలాలంటే అది తప్ప దారి లేదు.

ముందు లోకం ఏం తొడుక్కుంటుందో పరిశీలించాను. ఆదివారం అశోకా రోడ్డులో తెలుగు భోజనం కోసం క్యూలో నిలబడితే ఢిల్లీలోని తెలుగువాళ్ల చలికోట్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. నా ముందు ముఖర్జీ నగర్ నుంచి వచ్చిన సివిల్స్ కుర్రాళ్ల గుంపు. దేశాన్ని పరిపాలించబోయే ఆ మేధావులందరూ ఒకే రకం టోపీచొక్కా వేసుకుని ఉన్నారు, దీపావళికి తొడిగితే మళ్లీ ఫలితాలొచ్చాకే విప్పుతామని ప్రతిజ్ఞ చేసినట్టుంది వాటి వాసన. వాళ్ల వెనక సాఫ్టువేరు జంట. ఆయనది చేతుల్లేని జాకెట్, ఛాతీ మీద కంపెనీ గుర్తు. చేతులకు చలేయదా నాయనా అని అడగబోయి ఊరుకున్నాను. లాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి చేతులు వేళ్ల దగ్గరే మొదలవుతాయి కాబోలు. ఇంకొకాయన మంకీ క్యాపులోంచి కళ్లు మాత్రం బయటపెట్టి, చెవుల్లో దూదితో, మెడకు మఫ్లరు చుట్టి, కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులతో వచ్చాడు. చలి చెవుల్లోంచే వస్తుందని మనవాళ్లకెవరు చెప్పారో గాని, ఆ నమ్మకం ముందు వైద్యశాస్త్రం చేతులెత్తేసింది. అందరి ఛాతీల మీదా జిప్పుల పళ్ల మధ్య పోయిన ఆదివారం తిన్న ముద్దపప్పు గడ్డకట్టి ఉంది. ఇందులో ఒక్కటీ నా పనికొచ్చేది లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను, “ఈ సాయంత్రమే వెతుకుతాను.”

“వెతకడానికేముందండీ? మన అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ వేసుకుంటాడే ఖాకీ కోటు, దళసరి గుడ్డ, లోపల దూది. అది తెచ్చుకోండి. అతను రాత్రంతా బయటే ఉంటాడు, ఒక్కనాడు తుమ్మగా వినలేదు,” అంది.

నేను నవ్వాను. ఆ నవ్వులో ఎంత తిరస్కారం ఉందంటే వంటింట్లో గిన్నెలు మోగాయి. ముప్ఫై అంతస్తుల భవనానికి సంతకం పెట్టేవాణ్ణి, కాపలా కోటా? రేపు ఎవడో కారు ఆపి నాతో గేటు తీయించుకుంటే?

“తీస్తే మీ చేతులరిగిపోతాయా?” అంది ఆవిడ.

ఈ సంభాషణ ఇక్కడితో ముగించి, నోయిడాలో ఒక పెద్ద మాలుకు వెళ్లాను.

మాలులో ఒక కొట్టుంది. కొండలెక్కేవాళ్ల కోసం ప్రత్యేకం. గోడల నిండా మంచుపర్వతాల బొమ్మలు. కొనేవాళ్లలో మాత్రం ఎస్కలేటరు తప్ప ఇంకేదీ ఎక్కిన మొహం ఒక్కటీ లేదు. చెవికి రింగున్న సేల్సువాడు నన్ను ఎగాదిగా చూసి, నేరుగా గోడ మీద అన్నిటికన్నా పైన వేలాడుతున్న జాకెట్ దించాడు. నల్లగా, నిగనిగలాడుతూ, మడతమడతలుగా ఉబ్బి, ఊపిరి బిగబట్టిన గొంగళిపురుగులా ఉంది. దాని చెవికి ఒక అట్టముక్క కట్టి ఉంది. మైనస్ పది డిగ్రీల వరకు రక్ష. లోపల ఏదో విదేశీ బాతు మెత్తటి ఈకలు.

మైనస్ పది! నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? ఇన్నేళ్లుగా సిమెంటు బస్తా మీద అంకె చూసి బస్తాను నమ్మినవాణ్ణి. ఢిల్లీ ఎంత తిప్పలు పడ్డా సున్నా దాకా కూడా దిగలేదు. అంటే నా జాకెట్‌కూ ఢిల్లీకీ మధ్య బోలెడు డిగ్రీల మిగులుంది. దీన్ని మా భాషలో భద్రతా మార్జిన్ అంటారు.

అయినా సరుకును పరీక్షించకుండా తీసుకునే అలవాటు నాకు లేదు. జాకెట్ తొడుక్కుని, “ఏసీ వేయండి,” అన్నాను.

“ఏసీ? సర్దీ మే ఏసీ, సర్?” అన్నాడు వాడు.

“చలిలో కాక ఎండలో పరీక్షిస్తారా జాకెట్‌ను?” అని హిందీలోనే నిలదీశాను. నా హిందీ విని జాలిపడ్డాడో, నా మొహం చూసి భయపడ్డాడో, ఏసీ వేశాడు. దాని కిందే చేతులు చాచి, నిమజ్జనానికి సిద్ధమైన విగ్రహంలా చాలాసేపు నిలబడ్డాను. నాకు చీమ కుట్టినంత చలి లేదు. తక్కిన కొనుగోలుదారులు మాత్రం గడగడ వణికిపోయి, ఆ కాసేపట్లో ఆ కొట్టులోని మఫ్లర్లన్నీ కొనేశారని నా అంచనా. వెళ్లేటప్పుడు ఆ సేల్సువాడు నాకు వంగి దణ్ణం పెట్టాడు.

ఇంట్లో దాన్ని సంచీలోంచి తీయగానే అది సోఫా అంతా ఆక్రమించింది.

“అది జాకెట్టాండీ, పరుపా?” అంది మా ఆవిడ.

కాలేజీలో చదివే మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. “పాపా, ప్లీజ్, ఇస్‌మే మేరే కాలేజ్ మత్ ఆనా,” అని బతిమాలింది. అందులో నేను కాలేజీ వైపు వస్తే తన పరువు పోతుందని భావం. చలికి వణకడమే ఫ్యాషననుకునే ఆ వయసువాళ్లతో నాకు వాదనేమిటి?

అసలు చిక్కు అప్పుడొచ్చింది. మరునాడే వేసుకుని సైటుకు వెళ్లి చూసుకుందామనుకున్నాను. మా ఆవిడ గోడ మీది తెలుగు క్యాలెండరు దగ్గరికెళ్లింది.

“సోమవారం అమావాస్య, కొత్తబట్ట తొడగరు. మంగళవారం అసలే కూడదు. బుధవారం పొద్దున్నే బావుంది. అప్పుడేసుకోండి.”

“బుధవారం నాకు స్లాబుందే! అంతకుముందొకసారి వేసుకుని చూసుకోవద్దా?”

“చూసుకోవడానికి అదేం పెళ్లికూతురా?” అని, వంటింట్లోకెళ్లి వేలికి పసుపు రాసుకొచ్చి, ఆ నల్లటి హిమాలయం కాలరు లోపల బొట్టు పెట్టి బీరువాలో పెట్టేసింది. ఏ బాతు దేశంలోనూ ఆ జాకెట్‌కు అంతటి గౌరవం జరిగి ఉండదు.

మంగళవారం సాయంత్రం మా వీధిలో సంత జరుగుతుంది. మంగళవారం కొత్తబట్ట కట్టకూడదు గాని కొనొచ్చట. ఆవిడ ఆ సంతలో ఖాకీ కోటొకటి కొనుక్కొచ్చింది. నేను దాని వైపు చూడను కూడా చూడలేదు.

“మీరేసుకోకండి. రేపు మీ క్యారేజీకి చుడతాను, అన్నం చల్లారకుండా ఉంటుంది,” అంది.

“ఆ కోటు చేయదగ్గ ఉద్యోగం అదొక్కటే,” అన్నాను నేను.

ఇక బుధవారం. ఆ స్లాబు సంగతి కాస్త చెప్పాలి. కాలుష్యం ముదిరిందని పనులన్నీ ఆపించారు. అనుమతి మళ్లీ వచ్చాక వేస్తున్న మొదటి స్లాబది. కాంట్రాక్టరు కంపెనీ తరఫున పని చేయించే ఇంజనీరుది కరీంనగర్ వైపు. నాకన్నా చిన్నవాడు. నన్ను ‘సార్’ అనే పిలుస్తాడు గాని, ఆ ‘సార్’లో నా మీదున్న కక్షంతా ఒత్తి ఒత్తి పలుకుతాడు. కారణం ఉంది. కాంక్రీటు పోసే ముందు సెంట్రింగు రేకుల మీద చెత్త ఒక్క ముక్క కూడా ఉండకూడదు, ఉంటే స్లాబులోకి పోయి అక్కడ బొక్క మిగులుతుంది. రంపపు పొట్టుందని ఒకసారి, గుట్కా పొట్లం కనిపించిందని ఒకసారి అతని పని ఆపించాను. అప్పుడతను, “మీరు స్లాబ్ చూస్తున్నరా సార్, బియ్యంల రాళ్లేరుతున్నరా?” అన్నాడు. అంతే కాదు, ఏ కొత్త సరుకు తెచ్చినా ముందు ఒక మూల చిన్న ముక్క వేసి చూపించి నాతో ఒప్పించుకోవాలని నా నియమం. దాన్ని మాకప్ అంటాం. మాకప్ లేనిది మేకు కూడా కొట్టనివ్వనని నాకు పేరు.

తెల్లారీ తెల్లారకముందే పొగమంచులో పైఅంతస్తుకు చేరాను. నా జాకెట్ నాకన్నా ఒక క్షణం ముందు చేరింది. దాన్ని చూసి పనివాళ్లు దారిచ్చారు. ఇవ్వకపోతే నేను పట్టను. నిజం చెప్పాలంటే చలి తెలియలేదు. ఆ ఉదయం ఉత్తర భారతమంతా కలిసి నన్ను వణికించాలని చూసి ఓడిపోయింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఇనుప ఊచల జల్లెడ మీద రాజులా నడిచాను. చేతులు ముందుకు కట్టుకోవడానికి మాత్రం ఆ జాకెట్ ఒప్పుకోలేదు.

“ఏంది సార్ గిది? మంచంల నుంచి లేచి పరుపుతోనే అచ్చిన్రా?” అన్నాడు కరీంనగర్ ఇంజనీరు.

“మైనస్ పదయ్యా,” అన్నాను.

ఊచలను ఒకదానికొకటి కట్టడానికి సన్నటి ఇనుప తీగ వాడతారు. ప్రతి ముడి దగ్గరా ఆ తీగ కొసలు మొనదేలి పైకి లేచి ఉంటాయి. స్లాబు నిండా అలాంటి కొసలు చేపముళ్లలా ఉంటాయి. ఆ విషయం నాకు తెలియదా? ఎన్నేళ్లుగానో తెలుసు. ఆ మూల దూలం దగ్గర ఊచ కింద పెట్టే సిమెంటు బిళ్ల జరిగిందేమోనని వంగాను. చూశాను. బిళ్ల సరిగ్గానే ఉంది. లేచాను.

చర్రుమంది.

ఎడమ చంక దగ్గర నుంచి నడుము దాకా హిమాలయం చీలింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత గాలొకటి వచ్చి, జాకెట్‌లోకి వంగి చూసి, లోపలున్నదంతా బయటికి తెచ్చింది. ఈకలు! తెల్లగా, గుప్పుగుప్పుమంటూ, ఆగకుండా. ఆపుదామని చేత్తో నొక్కితే ఇంకో మడతలోంచి వచ్చాయి. ఢిల్లీ చలికి మంచు లేదని ఇందాక అన్నాను గదా, ఆ లోటు నేనే తీర్చాను. మా స్లాబు మీద హిమపాతం జరిగింది. నేను గోదావరి జిల్లావాణ్ణి, కోళ్ల ఫారాల మధ్య పెరిగాను. ఆ తెల్లటివాటిలో ఒకదాన్ని పట్టుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. అది ఏ విదేశీ బాతుదీ కాదు. మామూలు ఫారం కోడిది.

“సార్, స్లాబ్ మీద కోళ్ల ఫారం వెట్టిన్రా ఏంది?” అన్నాడు కరీంనగర్ ఇంజనీరు. పనివాళ్లు అప్పటికే మొహాలు అటు తిప్పుకుని భుజాలు కదిలిస్తున్నారు.

రేకులకు కాంక్రీటు అంటుకోకుండా ముందే నూనె రాస్తారు. నూనె మీద ఈక పడితే అది ఈక కాదు, స్టిక్కరు. ఊచల కింద, రేకుల మీద, దూలాల లోపల, ఎక్కడ చూసినా నా జాకెట్టే. కింద కాంక్రీటు లారీలు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతున్నాయి. ఎక్కువసేపు నిలబెడితే ఆ కాంక్రీటు పనికిరాకుండా పోతుంది, దాన్ని నేనే తిప్పి పంపాలి.

అతను నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “పోనియ్యండ్రి సార్. ఈకలే గద. ఫైబర్ కాంక్రీట్ అంటరు సూడుండ్రి, పోగులు కలిపి పోసేది, గట్లనే అనుకుందం. ఇంకా గట్టిగుంటది.”

ఆ మాటలో నాకు దయ వినిపించలేదు. బోను వినిపించింది. ఈ ఈకల మీద కాంక్రీటు పోయనిస్తే, రేపటి నుంచి ఏ రంపపు పొట్టును చూపించినా అతను ఒక్క మాటే అంటాడు: ‘ఈకలు నడిచినయి గద సార్?’ అంతటితో నా ఉద్యోగం సైటులో ఉన్నా లేనట్టే.

“కాంక్రీటు పంపు ఆపండి. అంతా శుభ్రం చేశాకే పోసేది,” అన్నాను.

అతని మొహం వికసించింది. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలు బయటికొచ్చాయి. “గట్లనా సార్? మరి గీ మెటీరియల్‌కు అప్రూవల్ ఉన్నదా? మాకప్ ఏసి సూపిచ్చిన్రా? ఎవలు ఒప్పుకున్నరు సార్?”

బుధవారం మంచిదని క్యాలెండరు ఒప్పుకుందని అతనికేం చెప్పను?

గాలి కొట్టే కంప్రెసరు తెప్పించాను. అది పొడి ఈకలన్నిటినీ ఆకాశానికి లేపి, మళ్లీ తీరిగ్గా నూనె మీదికి దించింది. ఇక చేత్తో ఏరాలి. చిరిగిన జాకెట్ విప్పి, సంచీలో కుక్కి మూతి కట్టేసి, ఉత్త స్వెటరుతో, గుడ్డపేలిక పట్టుకుని ఊచల మధ్య గొంతుకూర్చున్నాను. నా పక్కనే అతనూ, అతని వెనక పనివాళ్లూ కూర్చున్నారు. బియ్యంలో రాళ్లేరడం అంటే ఏమిటో ఆ రోజు నాకు విపులంగా తెలిసింది. ఏరేటప్పుడు ఈకల నూగు ముక్కులోకి పోయింది. తుమ్మాను. మళ్లీ తుమ్మాను. ఆ తుమ్ములకు ఏరి పెట్టిన కుప్ప కాస్తా లేచి మళ్లీ స్లాబెక్కింది.

సరిగ్గా ఆ తుమ్ము మధ్యలో, లిఫ్టులోంచి మా మేనేజరు దిగాడు. అనుమతి వచ్చాక మొదటి స్లాబు గదా, చూసిపోదామని వచ్చాడట. ఆయన చూసిందేమిటంటే, చలిలో కోటు కూడా లేకుండా, కళ్లు ఎర్రగా, ముక్కు కారుతూ, జుట్టు నిండా ఈకలతో, నేల మీద గొంతుకూర్చుని తుమ్ముతున్న తన క్వాలిటీ ఇంజనీరును.

“నేను ముందే చెప్పాను. జలుబు పట్టేసింది. సోమవారం నుంచి ఆఫీసుకొచ్చేయండి,” అన్నాడు.

నేను జవాబు చెప్పబోయి తుమ్మాను. నా తరఫున మాట్లాడటానికి అక్కడ ఉన్నది ఒకే ఒక్కడు. నేను పోతే అందరికన్నా ఎక్కువ సంతోషించేవాడు. మేనేజరు అతని వైపు తిరిగి, ఈయనకు ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగాడు. ఒక్క మాట చాలు. రెండ్రోజులుగా అంటే చాలు, నాకు బాణాలే గతి.

కరీంనగర్ ఇంజనీరు పేలికతో చేతులు తుడుచుకున్నాడు. అతను హిందీలోనే చెప్పాడు గాని, నా చెవికి మాత్రం అది అతని ఊరి తెలుగులోనే వినిపించింది. “జలుబు గిలుబు ఏం లేదు సార్. ఈకల దుమ్ము. గీయనకు జలుబైన నాడు నాకు పండుగ. నా స్లాబ్ ఆపి, నాతోని ఈకలేరిపిస్తున్నడంటే మంచిగనే ఉన్నడన్నట్టు. ఇయ్యాల నాకు పండుగ లేదు.”

మేనేజరుకు మొత్తం అర్థం కాలేదు, కాని ఈకలు కనబడుతున్నాయి. “సరే. వచ్చేవారం మళ్లీ వస్తాను. అప్పుడు తుమ్మితే మాత్రం ఈకల కథ వినను,” అని, తన ఖరీదైన బూటుకు అంటిన నా జాకెట్‌ను విదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

“ఎందుకు చెప్పావయ్యా?” అన్నాను.

“మీరు పోతే ఇంకొగలొస్తరు సార్. గాయన ఎసొంటోడో ఏమో. మీరైతే తెలిసిన తలనొప్పి,” అన్నాడతను, తలెత్తకుండా.

ఈకలన్నీ పోయాయని నేను ఒప్పుకుని సంతకం పెట్టేసరికి నిలబడిన లారీల్లో ఒకటి తిరిగిపోయింది. ఆ తిట్లు కూడా నేనే తిన్నాను. కాంక్రీటు పడటం మొదలైంది. అది పడినంతసేపూ నేనక్కడే నిలబడాలి. స్వెటరులోంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చర్మంలోకి గాలి దారి చేసుకుంటోంది. గొంతులో ఎక్కడో, కిందటేడు వదిలి వెళ్లిన దగ్గు తాళం తీసే చప్పుడు వినిపించింది. పోసిన భాగం ఆరిపోయేలోగా పనివాళ్లు దాని మీద గోనెపట్టాలు, వాటి మీద టార్పాలిన్లు కప్పుతున్నారు. రాత్రి చలికి కాంక్రీటు దెబ్బతినకుండా అలా కప్పాలన్న నియమం కూడా నాదే. ఈ సైటులో కాంక్రీటుకున్నపాటి ఒంటి వెచ్చదనం నాకు లేదు.

అప్పుడు క్యారేజీ గుర్తొచ్చింది. కిందికెళ్లి దాన్ని వెతికాను, అన్నం కోసం కాదు, దానికి చుట్టిన గుడ్డ కోసం. ఖాకీ కోటు విప్పుతుంటే లోపల వేడిగా ఉంది. తొడుక్కున్నాను. ఒంటి మీద సాంబారు కప్పుకున్నట్టుంది. కాలరు నిండా ఇంగువ. చేతులు పైకి లేస్తున్నాయి, ముందుకు కట్టుకుంటున్నాయి. పైకెళ్లి ఊచల మధ్యకు వంగాను. తీగ కొస ఒకటి మోచేతికి పట్టుకుంది. లాగాను. వచ్చింది, తీగ. ఆ దళసరి గుడ్డకు గీత కూడా పడలేదు. అందం అంటారా, ఆ కోటులో నన్ను చూసి మా టవరు కింది కుక్క కూడా గౌరవంగా పక్కకు జరిగింది, తన డ్యూటీ మార్చడానికి ఎవరో వచ్చారనుకుని.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ నన్ను ఆ కోటులో చూసింది. దగ్గరికొచ్చి కాలరు వాసన చూసింది. ఆవిడ నోరు తెరిచేలోగానే “అన్నం చల్లారిపోయింది,” అని నేనే సంజాయిషీ ఇచ్చుకున్నాను.

తర్వాతివారం పొగమంచు మరీ ముదిరింది. పక్కనున్నవాడి గొంతే గాని మొహం కనబడదు. వచ్చిన కాంక్రీటు లారీని గేటు దగ్గరే ఆపి పరీక్షిద్దామని కిందికి దిగాను. ఖాకీ కోటు, నేను అశోకా రోడ్డులో వెక్కిరించిన మంకీ క్యాపు, దాని మీద హెల్మెట్. అసలు వాచ్‌మన్ టీ తాగొస్తానని వెళ్లాడు. గేటు బయట ఒక కారు వచ్చి ఆగి హారన్ కొట్టింది. నేను కదల్లేదు. మళ్లీ కొట్టింది. తలుపు తీసుకుని మా మేనేజరు దిగాడు. చేతుల్లేని కంపెనీ జాకెట్, నున్నటి ఆఫీసు బూట్లు, చేతులు చంకల్లో.

“ఏ భయ్యా, గేట్ ఖోలో!” అన్నాడు.

చిన్న గేటు తీసి, ఆయన అడుగు లోపల పెట్టేలోగా చేయి అడ్డం పెట్టాను. హెల్మెట్ లేకుండా, పనిబూట్లు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకూడదని ఈ సైటు నియమం. గోడ మీద పెద్దక్షరాలతో రాసుంది. నేనేం కొత్తగా చెప్పలేదు. హెల్మెట్ చూపించి, బూట్లు చూపించి, తల అడ్డంగా ఊపాను.

“నేనెవరో తెలుసా?” అన్నాడాయన హిందీలో.

తల అడ్డంగానే ఊపాను.

ఆయన కాసేపు గోడనూ, నన్నూ, తన బూట్లనూ చూశాడు. ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఒక తుమ్ము తుమ్మాడు, పెద్దది, హీటరు పక్కన పెంచిన తుమ్ము. జేబులోంచి ఫోను తీసి, ఈ వాచ్‌మన్ సంగతి తేల్చడానికి సైటులో తనకున్న ఒకే ఒక్క మనిషికి చేశాడు.

ఖాకీ కోటు లోపలి జేబులో నా ఫోను మోగింది.

తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. “చెప్పండి సార్,” అన్నాను, దగ్గూ తుమ్మూ లేని నిఖార్సైన గొంతుతో. ఆయనకు ఆ మాట ఒకసారి ఫోనులోంచీ, ఒకసారి మూరెడు దూరం నుంచీ వినిపించింది.